గ్యాస్ బిళ్ళ మందు కాదు

నా తోడికోడలి రక్తంలో జబ్బు ఉందని మొదట కనిపెట్టింది కంటి ఆసుపత్రి వాళ్ళు. కుడి కంట్లో శుక్లం తీయించుకోవడానికి వెళ్ళింది. ఆపరేషన్‌కి ముందు అందరికీ చేసే రక్త పరీక్షలే ఆవిడకీ చేశారు. మర్నాడు పిలిచి, మీకు హెపటైటిస్ సి ఉన్నట్టు కనిపిస్తోంది, ముందు అది చూపించుకుని తర్వాత రండి అని కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఇంటికి వచ్చి నాతో చెప్పిన మాట ఇది.

"కంటి సంగతి తర్వాత చూస్తారంటక్కా. రక్తంలో ఏదో సీ అంట. పేరులోనే సీ అని ఉంది, మంచిదై ఉండదు."

ఆవిడకి అప్పటికి అరవై మూడు నిండాయి. నాకు డెబ్బై రెండు. మా ఆయన పోయి పదకొండేళ్ళు, మా మరిది పోయి తొమ్మిదేళ్ళు. మండపేటలో రైస్ మిల్లుల వెనక వీధిలో, ఊక దుమ్ము రోజుకి రెండుసార్లు తుడవాల్సిన ఇంట్లో, ఇద్దరమే ఉంటున్నాం. నేను ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఆవిడ ఐదో తరగతిలో చదువు ఆపేసింది. ఆపేయడం ఆవిడ తప్పు కాదు. ఆపేసిన నాటి నుంచి అన్నీ తెలిసినట్టు మాట్లాడడం మాత్రం ఆవిడ తప్పే. నలభై మూడేళ్ళుగా నేను ఆ తప్పు దిద్దుతూనే ఉన్నాను. ఎరుపు సిరా అయిపోయింది గాని తప్పు తగ్గలేదు.

మా వీధి చివర ఒక ఆర్ఎంపీ ఉన్నాడు. బోర్డు మీద డాక్టరు అని రాయించుకున్నాడు. ఏం చదివాడో అడిగినవాళ్ళు లేరు. జ్వరానికి సూది వేస్తాడు, నీరసానికి సూది వేస్తాడు, కోడలితో గొడవపడి గుండె దడగా ఉందంటే దానికీ వేస్తాడు. సూది వేయకుండా పంపితే సరిగా చూడలేదని జనమే నొచ్చుకుంటారు కాబట్టి తప్పంతా ఆయనదే అనను. సగం ఆయనది, సగం వీధిది. నా తోడికోడలు నాకు చెప్పకుండా రిపోర్టు పట్టుకుని ముందు అక్కడికే వెళ్ళింది. సంగతి తెలిసి నేను వెనకాల వెళ్ళేసరికి ఆయన కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు, ఎక్స్‌రే చూసినట్టు.

"ఇది కామెర్లేనండి," అన్నాడు నన్ను చూసి. "ఏ అంటే మొదటి స్టేజీ. బి అంటే రెండోది. సి అంటే మూడోది. కాస్త ఆలస్యంగా బయటపడిందండి, ఆయ్."

"డి, ఇ కూడా ఉన్నాయని పేపర్లో చదివాను. అవి ఎన్నో స్టేజీ?"

"అక్కడిదాకా మనం రానివ్వం కదండీ."

రానివ్వకుండా ఉండడానికి వారానికి రెండు సూదులు, ఒక లివర్ టానిక్ సీసా. నేను సీసా కౌంటరు మీదే వదిలేసి ఆవిడని రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. దారి పొడవునా ఆవిడ అన్నది ఒకటే. "పాపం ఆయన అంత ఓపిగ్గా చెప్పేరు."

రెండు రోజుల్లో వీధంతా పాకింది. పక్కింటావిడ వచ్చి, వాళ్ళ పుట్టింటి ఊళ్ళో ఆదివారం ఆదివారం పరగడుపున పసరు పోస్తారని, మూడు వారాలు పోయించుకుంటే ఎలాంటి కామెర్లైనా దిగుతాయని చెప్పింది. నూనె, ఉప్పు, పసుపు మానేయాలట. పసుపు ఎందుకు మానాలని అడిగాను. ఒళ్ళు పచ్చబడే జబ్బుకి పచ్చటిది పెడతారా అని నా వైపు జాలిగా చూసింది. నా తోడికోడలి ఒళ్ళు పచ్చబడనే లేదు. కళ్ళు తెల్లగా ఉన్నాయి. నీరసం తప్ప ఏ గుర్తూ లేదు. ఆ నీరసం కూడా నేను బద్ధకం ఖాతాలో వేస్తూ వచ్చాను, ఎన్నేళ్ళుగానో.

చర్చి నుంచి స్త్రీల సమాజం వాళ్ళు ఆరుగురు వచ్చారు. అరుగు మీద చాప వేశాను. లోపలికి రమ్మంటే, గాలి బాగుందండీ ఇక్కడే కూర్చుంటాం అన్నారు. గాలి లేదు. ఊక దుమ్ము ఉంది. ఇరవై నిమిషాలు గట్టిగా ప్రార్థన చేశారు. టీ తెస్తే ఆరు గ్లాసులూ ఆరు చోట్ల అలాగే ఉన్నాయి. ఒకావిడ ఉపవాసం అంది. ఇంకొకావిడ షుగరు అంది. మిగతా నలుగురూ ఆ రెండు కారణాలే పంచుకున్నారు. దేవుడు బాగు చేస్తాడని అంత నమ్మకం ఉన్నవాళ్ళు గ్లాసు నమ్మలేకపోయారు. వాళ్ళు వెళ్ళాక నా తోడికోడలు ఆ టీ అంతా గిన్నెలో పోసి వేడి చేసుకుని తాగింది. "ప్రార్థన బాగా చేసేరు," అంది.

ఆ వారంలోనే రాజమండ్రి పెద్దాసుపత్రికి బయల్దేరదీశాను. అక్కడ లివర్ జబ్బులు చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ముప్పై అయిదేళ్ళు దాటి ఉండవు. వంద మంది వరసలో ఉన్నా చెప్పేది తొందరపడకుండా చెప్పింది. నేను రాసుకున్నాను. కంటి ఆసుపత్రి వాళ్ళు చేసిన పరీక్ష, ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే చెబుతుందట. ఇప్పుడు ఉందో లేదో తెలియాలంటే వైరల్ లోడ్ చూడాలట. లోడ్ అనగానే నా తోడికోడలు నా చెవిలో, "లారీ లోడా?" అంది. మా మరిది మిల్లు లారీ నడిపేవాడు. ఆవిడకి తెలిసిన లోడు అదొక్కటే.

వైరల్ లోడ్ లక్షల్లో వచ్చింది. లివర్ గట్టిదనం కొలిచే స్కాన్ చేశారు. హెపటైటిస్ బి కూడా ఉందేమో చూశారు, లేదు. అన్ని కాగితాలూ ముందు పెట్టుకుని డాక్టరమ్మ చెప్పింది. లివర్ గట్టిపడడం మొదలైంది. ఇంకా తన పని తాను చేసుకుంటోంది. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళకి పొట్టలో నీరు చేరుతుంది, రక్తం కక్కుకోవచ్చు, క్యాన్సర్ రావచ్చు. వైరస్ పోతే ఇక్కడితో ఆగే అవకాశం ఎక్కువ.

"ఎలా వచ్చిందండీ నాకు?" అని అడిగింది నా తోడికోడలు. "నేనెవరి జోలికీ పోను."

"రక్తం ఎప్పుడైనా ఎక్కించారా?"

ఆవిడ ఆలోచిస్తోంది. నేను చెప్పాను. ముప్పై ఒకటో ఏట గర్భసంచి తీశారు. కడుపులో నొప్పి అన్న పాపానికి తీసేసేవాళ్ళు ఆ రోజుల్లో. రెండు సీసాల రక్తం ఎక్కించారు. నేను ఆ వరండాలో కూర్చుని వార్షిక పరీక్ష పేపర్లు దిద్దాను, అందుకే గుర్తు. అప్పట్లో రక్తానికి ఈ పరీక్ష ఉండేది కాదని, అలా వచ్చి ఉండొచ్చని, ఉడకబెట్టిన గాజు సిరంజీల వల్ల కూడా వచ్చి ఉండొచ్చని, ఇప్పుడు తేల్చలేమని అంది డాక్టరమ్మ. ముప్పై రెండేళ్ళు ఆ వైరస్ మా ఇంట్లో మా కూడు తిని కూర్చుంది. మాకు తెలియలేదు.

"మందులు ఎన్నాళ్ళు వాడాలండీ? ఏడాదా?"

"ఒకప్పుడు ఏడాది సూదులే. జ్వరం, జుట్టు ఊడడం, మనసు పాడవడం, అంతా భరించినా సగంమందికి తగ్గేది కాదు. ఇప్పుడు రోజుకి ఒక్క బిళ్ళ, పన్నెండు వారాలు. లివర్ గట్టిపడనివాళ్ళకి ఎక్కువగా సోఫోస్బువిర్‌తో డక్లాటస్విర్ ఇస్తాం. మీకు గట్టిపడింది కాబట్టి సోఫోస్బువిర్, వెల్పటస్విర్ కలిసిన బిళ్ళ. నూటికి తొంభై మందికి పైనే పోతుంది. ఇక్కడే ఉచితంగా ఇస్తారు."

"సూది ఉండదా అండి?"

"ఒక్కటి కూడా ఉండదు."

నా తోడికోడలి మొహం వాడిపోయింది. ఇంత దూరం వచ్చి సూది లేకుండా వెళ్ళడం ఆవిడకి అవమానంగా ఉంది.

అప్పుడు డాక్టరమ్మ కాగితం మీద పెన్ను పెట్టి అడిగింది. "ఇంకేం మందులు వాడుతున్నారమ్మా? బీపీ, షుగరు, గుండెకి, ఫిట్స్‌కి, నాటు మందులు, ఏవైనా సరే."

అడిగింది ఆవిడని. జవాబు నేను చెప్పాను. "ఏమీ లేవండి. బీపీ లేదు, షుగరు లేదు. రోజూ వేసుకునేది ఏదీ లేదు." కొంచెం గర్వంగానే చెప్పాను. ఈ వయసులో ఏ మందూ వాడని ఇల్లు మాది అన్నట్టు. నా తోడికోడలు నోరు తెరిచి మూసింది. నేను ఆవిడ గురించి మాట్లాడుతున్నప్పుడు మధ్యలో రాకూడదని ఆవిడకి నేనే నేర్పాను.

మందులిచ్చే గదిలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. ఇరవై ఎనిమిది బిళ్ళలు. నెలకొకటి చొప్పున మూడు డబ్బాలు, మొత్తం ఎనభై నాలుగు. ఇంటికి రాగానే రూళ్ళ పుస్తకం తీసి, బడిలో హాజరు పట్టీ గీసినట్టు ఎనభై నాలుగు గళ్ళు గీశాను. తేదీ, వారం, వేసుకున్న వేళ, పక్కన నా పొడి సంతకం. ఆరింటికి లేవడం, పరగడుపున ఇద్దరికీ చెరొక గ్యాస్ బిళ్ళ, ఆరున్నరకి కాఫీ, ఎనిమిదికి టిఫిను, ఎనిమిదిన్నరకి ఆ బిళ్ళ. ఒక్క రోజు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఐదు నిమిషాలు అని రాశాను.

ఆ ఇరవై ఎనిమిది రోజులూ నేను అందరినీ చులకనగా చూసిన రోజులు. పక్కింటావిడ గోడ మీంచి, "పథ్యం లేని మందు మందేంటండీ," అనేది. ఆర్ఎంపీ దారిలో ఎదురై, "ఒక్క బిళ్ళకి లివర్ రోగం పోతుందా అండి, అంత తేలికైతే మేమెందుకు," అన్నాడు. మీరెందుకో నాకూ అర్థం కాలేదన్నాను. నా తోడికోడలు పన్నెండో రోజున చుట్టాల పెళ్ళికి పోతూ, విందు తిన్న కడుపులో మందు వేస్తే వేడి చేస్తుందని, ఆ ఒక్క పూటా మానేస్తానంది.

"తిండి ఒక పూట మానేస్తావా?"

"తిండి వేరు, మందు వేరు కదక్కా."

"అందుకే మందు వేసుకుని తిండి మానెయ్."

ఆవిడ వేసుకుంది. నేను సంతకం పెట్టాను. ఈ వీధిలో లెక్క తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అనుకున్నాను.

ఇరవై తొమ్మిదో రోజుకి రెండో డబ్బా కావాలి కాబట్టి ముందు రోజే రాజమండ్రి వెళ్ళాం. మందులిచ్చే ఆవిడ నలభై ఏళ్ళ మనిషి. ఖాళీ డబ్బా చూసింది, నా పుస్తకం చూసింది. ఇలా రాసుకొచ్చినవాళ్ళని ఇంతవరకు చూడలేదండి అంది. నేను పుస్తకం మూయలేదు, ఇంకొంచెంసేపు చూడనిచ్చాను. తర్వాత ఆవిడ నా తోడికోడలిని అడిగింది.

"ఏమైనా ఇబ్బందిగా ఉందా అమ్మా?"

"కాస్త తలనొప్పి అండి. గుండెల్లో మంట. పొద్దున్న ఒక గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నాను గాని చాలట్లేదు. సాయంత్రం ఇంకోటి వేసుకోవచ్చాండి?"

మందులావిడ చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టేసింది.

"గ్యాస్ బిళ్ళ ఎప్పట్నుంచి వేసుకుంటున్నారు?"

"ఎప్పట్నుంచంటే ఏం చెప్తాం. ఎప్పట్నుంచో."

"ఈ మందు మొదలెట్టాక కూడానా? రోజూనా?"

"రోజూనండి. పరగడుపున."

"మరి ఇంకేం మందులు వాడుతున్నారని అడిగితే లేవని రాయించారు కదమ్మా."

"అది మందు కాదు కదండీ," అంది నా తోడికోడలు. "గ్యాస్ బిళ్ళ."

నన్నడిగినా నేను అదే చెప్పేదాన్ని. చెప్పాను కూడా. మా వైపు గ్యాస్ బిళ్ళని ఎవరూ మందు కింద లెక్కవేయరు. పళ్ళపొడి లాంటిది అది. పెళ్ళికి వెళ్ళేముందు వేసుకుంటారు, పెళ్ళి నుంచి వచ్చి వేసుకుంటారు. చేతి సంచిలో బస్సు చిల్లరతో పాటు ఒక స్ట్రిప్ ఉంటుంది. పక్క సీటావిడ త్రేన్చితే తీసి ఇస్తారు, తమలపాకు ఇచ్చినట్టు. మందు అంటే డాక్టరు రాసింది, భయపడి వేసుకునేది. ఇంత లెక్కల మనిషిని నేను, ఎన్నో ఏళ్ళ నుంచి రోజూ మింగుతున్న దాన్ని సున్నా అని చెప్పాను.

మమ్మల్ని డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఈ బిళ్ళలోని వెల్పటస్విర్ ఒంటికి పట్టాలంటే పొట్టలో పులుపు ఉండాలట. గ్యాస్ బిళ్ళ ఆ పులుపునే ఆపేస్తుంది. కాబట్టి ఇన్నాళ్ళూ వేసుకున్న దాంట్లో ఎంత రక్తంలోకి వెళ్ళిందో, ఎంత ఊరికే పోయిందో చెప్పలేమట. లివర్ మెత్తగా ఉన్నవాళ్ళకిచ్చే డక్లాటస్విర్‌కి ఈ బాధ అంతగా లేదట. గట్టిపడిన లివర్‌కే ఈ బిళ్ళ, ఈ బిళ్ళకే ఈ తిప్పలు.

"మందు చాలినంత పట్టకపోతే ఏమవుతుందండీ?" అన్నాను.

"వైరస్ పూర్తిగా పోకుండా ఈ మందుకి అలవాటుపడొచ్చు. అప్పుడు రిబావిరిన్ కలిపి ఇరవై నాలుగు వారాలు వాడాల్సి రావచ్చు. రిబావిరిన్ రక్తం తగ్గిస్తుంది. ఈవిడకి ముందే రక్తం తక్కువ. మూడు మందులు కలిసిన బిళ్ళ ఇంకోటి ఉంది గాని ఇక్కడ దొరకడం కష్టం." అని నా తోడికోడలి వైపు తిరిగింది. "గ్యాస్ బిళ్ళలు ఎవరిస్తున్నారమ్మా మీకు?"

నేనే. స్ట్రిప్ నా అలమరాలో ఉంటుంది. రోజూ ఆరింటికి రెండు చింపి ఒకటి ఆవిడ అరచేతిలో నేనే పెడతాను. నీళ్ళ గ్లాసు కూడా నేనే ఇస్తాను.

"ఎవరూ ఇవ్వలేదండి," అంది నా తోడికోడలు. "నేనే కొట్లో తెచ్చుకుని మింగేస్తన్నాను. మా అక్కగారికి తెలీదు. తెలిస్తే ఊరుకోరు."

డాక్టరమ్మ నా పుస్తకం వైపు చూసింది. "ఆవిడ అంత జాగ్రత్తగా రాస్తుంటే మీరిలా చేయొచ్చా అమ్మా," అంది.

నేను నోరు తెరవలేదు. ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

ఆ రోజు మళ్ళీ రక్తం తీశారు. నాలుగు రోజులకి ఫోన్ వచ్చింది. లక్షల నుంచి వందల్లోకి దిగింది, కానీ ఇంకా ఉంది. ఆపకుండా కొనసాగించాలని, మొదటి డబ్బాని లేనట్టే అనుకుని పైన ఇంకొక డబ్బా ఇప్పిస్తానని డాక్టరమ్మ చెప్పింది. అంటే మళ్ళీ ఎనభై నాలుగు. మొదటి పేజీలో ఇరవై ఎనిమిది గళ్ళూ అడ్డంగా కొట్టేశాను. ఇరవై ఎనిమిది సంతకాలు, అన్నీ నావే.

ఆ అబద్ధం చెప్పిన రోజే, ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తూ బస్సులోనే అడిగాను, ఎందుకలా చెప్పావని.

"మిమ్మల్ని ఆవిడ ముందు తక్కువ చేయడం ఎందుకని. నాదేముంది, నన్ను ఎవరైనా ఏదో ఒకటి అంటానే ఉంటారు. అలవాటే."

అనేది ఎక్కువగా ఎవరో ఆవిడ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

గ్యాస్ బిళ్ళలు మానిపించడం మందు వేయించడం కంటే కష్టమైంది. ఎన్నాళ్ళుగానో అణిగి ఉన్న పులుపు ఒక్కసారి పైకి వచ్చింది. ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని ఇల్లంతా తిరిగేది. ఒక గులాబీ రంగు సిరప్ మాత్రం, అదీ మందుకి నాలుగు గంటలు ఎడంగా తాగొచ్చన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇచ్చేదాన్ని. పొద్దు వాలకముందే అన్నం, పులుసు బంద్, పచ్చడి బంద్. అలమరాలోంచి తీసుకుంటుందేమోనని నా స్ట్రిప్పులన్నీ కూడా పారేశాను. దాంతో నాకూ మంట మొదలైంది. ఇద్దరం ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని మజ్జిగ తాగుతూ ఒకరినొకరం తిట్టుకున్నాం.

"మీరెందుకు మానేయడం? మీకు జబ్బు లేదుగా."

"నా ఇష్టం."

"మీ ఇష్టానికి నా మీద అరవడం ఎందుకు?"

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి ఆవిడ ఇంట్లో లేదు. చెప్పులు కూడా లేవు. నేరుగా వీధి చివరికి నడిచాను. ఆర్ఎంపీ గదిలో బెంచీ మీద చీర భుజం దించుకుని కూర్చుంది. ఆయన సిరంజిలోకి మందు లాగుతున్నాడు.

"ఏంటిది?"

"గ్యాస్‌కండి," అన్నాడాయన. "బిళ్ళ వేసుకోవద్దన్నారంట కదా. సూది అయితే కడుపులోకి వెళ్ళదు. రక్తంలోకి వెళ్ళి గ్యాస్ తీసేస్తుందండి. బిళ్ళతో పనే లేదు."

"అక్కా, ఇది బిళ్ళ కాదు," అంది నా తోడికోడలు, నాకు ఉపకారం చేస్తున్నట్టు.

ఇంత మూర్ఖత్వం అంత పద్ధతిగా పేర్చి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ప్రతి మెట్టూ తప్పు, కూడిక మాత్రం సరిగ్గా వచ్చింది. నేను సిరంజి ఆయన చేతిలోంచి తీసుకుని చెత్తబుట్టలో వేశాను. పులుపుని ఏ దారిన ఆపినా ఆపినట్టే అని చెప్పాను. ఆయనకి అర్థమైందో లేదో నాకు తెలియదు. "పెద్దవారు, మీ ఇష్టమండి," అన్నాడు. ఆ గాజు సిరంజీల రోజుల్లో ఆయన తండ్రి ఇదే గదిలో ఇదే బెంచీ మీద ఈవిడకి ఎన్నిసార్లు వేశాడో లెక్క నా దగ్గర కూడా లేదు.

ఆ తర్వాత ఆవిడ తప్పించుకోలేదు. మూడు వారాలకి మంట తగ్గుముఖం పట్టింది, ఇద్దరికీ. పుస్తకంలో కొత్త పేజీ మొదలైనప్పటి నుంచే పొడి సంతకం పెట్టడం నేను మానేశాను. ఆవిడనే గీత గీయమన్నాను. ఆవిడ గీతలు వంకరగా, గళ్ళు దాటి పోయేవి. ఎనభై నాలుగూ ఉన్నాయి.

మందు అయ్యాక పన్నెండు వారాలు ఏమీ చేయకుండా ఆగాలి. ఆగి చూస్తేనే వైరస్ నిజంగా పోయిందో, దాక్కుని మళ్ళీ లేస్తుందో తెలుస్తుందట. మందు వేయడానికి ఏదో ఒక పని ఉంటుంది. ఆగడానికి ఏ పనీ లేదు. ఆవిడ చిక్కిపోయిందేమోనని రోజూ చూసేదాన్ని. కాళ్ళు వాచాయేమోనని మడమ మీద వేలు నొక్కి చూసేదాన్ని. చూస్తున్నానని ఆవిడకి తెలియకూడదని, కాళ్ళు కడుక్కున్నావా లేదా అని గదమాయించేదాన్ని. ఆవిడ రిబావిరిన్ అన్న మాట పలకలేక "రిబ్బను మందు" అనేది. "రిబ్బను మందు పడితే నాకు ఒంట్లో రక్తం ఉండదంటక్కా. ఉన్నదే అరువు రక్తం," అని నవ్వింది ఒకసారి. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఫలితం చెప్పే రోజున డాక్టరమ్మ కాగితం మా వైపు తిప్పి చూపించింది. వైరస్ కనిపించలేదని ఉంది. "పోయిందమ్మా. మీకు ఈ జబ్బు నయమైంది," అంది. కంటి ఆసుపత్రి వాళ్ళు చేసిన పరీక్ష మాత్రం జన్మంతా అలాగే వస్తుందని, అది చూసి ఎవరైనా వెనక్కి పంపితే ఈ కాగితం చూపించమని, లివర్ గట్టిపడింది కాబట్టి ఆరు నెలలకోసారి స్కాన్‌కి రావాలని చెప్పింది.

నా తోడికోడలు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. ఇంగ్లీషు చదవడం రాదు, శుక్లం ఉన్న కంటికి కనిపించదు కూడా. అలాగే పట్టుకుని ఉంది.

మంచి మందు అది. మేము దానికి చేయగలిగిన అపకారమంతా చేశాం. ఇరవై ఎనిమిది రోజులు దాని కాళ్ళకి అడ్డం పడ్డాం. అయినా పని చేసింది. నా పుస్తకం వల్ల నయమైందని ఎవరైనా అంటే వాళ్ళకి లెక్కలు రావని అర్థం.

లేచేముందు నేను చెప్పాను. "డాక్టరు గారూ, ఆ గ్యాస్ బిళ్ళలు ఈవిడ తెచ్చుకున్నవి కాదు. నేనే ఇచ్చాను, రోజూ. ఏ మందులూ లేవని చెప్పింది కూడా నేనే. ఈవిడ అబద్ధం చెప్పింది."

డాక్టరమ్మ తలెత్తి నన్ను చూసింది. అప్పటికే తర్వాతి మనిషి తలుపు తోస్తున్నాడు. "ఎవరిచ్చినా ఇప్పుడు పోయింది కదండీ," అంది. "ఇంకెవరైనా ఈ మందు వాడుతుంటే వాళ్ళకి చెప్పండి."

బస్సులో నా తోడికోడలు ద్వారపూడి దాకా మాట్లాడలేదు. మాట్లాడకుండా ఆవిడ అంత దూరం రావడం నేనెరగను. జబ్బు పోయిన మనిషి ఇలా ఉంటుందా అని అడిగాను.

"ఎందుకు చెప్పేరు మీరు?"

"నిజం కాబట్టి."

"నిజం ఆ రోజు కూడా ఉంది కదా. నేను మాట పడ్డాను, అయిపోయింది. నా నలభై మూడేళ్ళ కాపురంలో మీకు ఒక్కసారి నేను సాయం చేసేను. దాన్ని కూడా మిగలనివ్వలేదు. అందరి ముందూ అబద్ధాలకోరుని చేసేరు."

"అలా కాదు."

"పోయిందని తెలిసేక చెప్పడానికేముంది? కాగితంలో ఇంకా ఉందని వస్తే చెప్పేవారా?"

ఎవరేమన్నా మాటకి మాట అప్పజెప్పడం నాకు అలవాటు. ఆ ప్రశ్న వేసుకుని చూశాను. కాగితంలో ఉందని వచ్చి ఉంటే, రిబావిరిన్ అని రాసి ఉంటే, ఆ గదిలో నేను నోరు తెరిచేదాన్నా? చెప్పేదాన్ననడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. చెప్పేదాన్ని కాదనడానికి ఒకటి ఉంది, ఆ రోజు నేను తెరవని నోరు.

"తెలీదు," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. కోపంగా ఏమీ లేదు. బడిలో మొదటిసారి తప్పు ఒప్పుకున్న పిల్లని నేనెలా చూసేదాన్నో అలా చూసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. నాకివ్వలేదు.

"ఆరు నెలలకి మళ్ళీ వెళ్ళాలిగా," అంది. "ఆవిడ ఈసారి నన్ను ఏదైనా అడిగితే, నన్ను చెప్పనివ్వండి."